యూనిట్ హైడ్రోగ్రాఫ్‌తో వరద పీక్ లెక్క: ఒకసారి చేత్తో చేసి చూద్దాం

వాగు మీద కల్వర్టో చిన్న ఆనకట్టో కట్టాలి, పైన ఇంత వాన పడితే ఇక్కడికి గరిష్ఠంగా ఎన్ని క్యూమెక్కులు (సెకనుకి ఘనపు మీటర్లు) వస్తాయి అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌లో నంబర్లు వేసి బటన్ నొక్కితే ఒక పీక్ వచ్చేస్తుంది, కాకపోతే అది సరైనదో కాదో తెలియాలంటే ఈ పద్ధతి ఒక్కసారైనా కాగితం మీద చేసి ఉండాలి, అందుకే చిన్న నంబర్లతో ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. ముందే ఒక మాట చెప్పేస్తాను, ఇందులో కూడికలూ గుణకారాలూ తప్పి పీక్ తప్పడం అరుదు, తప్పేది దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: వాన గంటలూ యూనిట్ హైడ్రోగ్రాఫ్ గంటలూ ఒకదానికొకటి కలవకపోవడం, నేలలోకి ఇంకిపోయే నీళ్ళని ఇష్టమొచ్చినట్టు తీసుకోవడం.

అసలు ఐడియా ఏంటంటే, 1932లో షెర్మన్ అనే ఇంజనీరు చెప్పింది ఇది. ఒక పరీవాహక ప్రాంతం అంతటా సమానంగా, ఇన్ని గంటల పాటు ఒకే తీవ్రతతో వాన పడి, అందులోంచి ఇంకిపోయింది పోగా సరిగ్గా 1 సెంటీమీటరు నీళ్ళు పారితే, కింద గేజ్ (వాగు ప్రవాహం కొలిచే చోటు) దగ్గర గంట గంటకీ ఎంత ప్రవాహం కనిపిస్తుందో ఆ గీతే యూనిట్ హైడ్రోగ్రాఫ్. పడిన వాన 1 సెంటీమీటరు కాదు, పారిన నీళ్ళు 1 సెంటీమీటరు, ఇది కొత్తవాళ్ళు మొదటి వారంలోనే కలిపేసుకునే విషయం. షెర్మన్ యూనిట్ అన్నది నిజానికి సమయాన్ని ఉద్దేశించి, అంటే వాన పడిన వ్యవధిని, తర్వాత తర్వాత అందరూ దాన్ని 1 సెంటీమీటరు లోతు అని అర్థం చేసుకోవడం మొదలైంది. ఆ పాత అర్థం గుర్తుపెట్టుకుంటేనే మంచిది, ఎందుకంటే యూనిట్ హైడ్రోగ్రాఫ్‌కి పక్కన గంటలు రాయకపోతే దానికి విలువే లేదు. 2 గంటల యూనిట్ హైడ్రోగ్రాఫ్ వేరు, 6 గంటలది వేరు, రెండూ ఒకే వాగువి అయినా సరే.

దీని వెనక రెండు ఊహలు ఉన్నాయి. ఒకటి, 1 సెంటీమీటరుకి ఇంత ప్రవాహం వస్తే 3 సెంటీమీటర్లకి సరిగ్గా మూడింతలు వస్తుంది, ఒకదాని వెనక ఒకటి వచ్చిన వానల ప్రవాహాలు మామూలుగా కూడేసుకోవచ్చు. రెండు, ఇవాళ పడినా పదేళ్ళ తర్వాత పడినా ఆ ప్రాంతం అదే తీరులో నీళ్ళు వదులుతుంది. రెండూ పూర్తిగా నిజం కాదు, ఎక్కడ తేడా కొడుతుందో తర్వాత చెప్తాను.

ఇక పని మొదలుపెడదాం. మన పరీవాహక ప్రాంతం 54 చదరపు కిలోమీటర్లు అనుకోండి, కింద గేజ్ ఉంది, పాత వరదల రికార్డు ఉంది. ఆ రికార్డులోంచి ఎలాంటి వరదని ఏరుకోవాలి అంటే, వాన విడిగా ఒక్కటే పడి ఉండాలి, గీత ఒకే శిఖరంతో శుభ్రంగా లేచి దిగి ఉండాలి, పారిన నీళ్ళు 1 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య ఉంటే బాగు, వాన ప్రాంతం అంతా పడి ఉండాలి, పైన ఒక మూల మాత్రమే కురిసిన వాన పనికిరాదు. మనకి దొరికిన వరదలో 2 గంటల్లో 3.7 సెంటీమీటర్ల వాన పడింది, ప్రతి 2 గంటలకీ గేజ్ దగ్గర ప్రవాహం క్యూమెక్కుల్లో ఇలా ఉంది:

0 గంట: 4
2 గంటలు: 26.5
4 గంటలు: 64
6 గంటలు: 51.5
8 గంటలు: 34
10 గంటలు: 21.5
12 గంటలు: 11.5
14 గంటలు: 6.5
16 గంటలు: 4

ముందుగా బేస్ ఫ్లో తీసేయాలి, అంటే వాన పడకపోయినా భూగర్భం నుంచి ఊరుతూ వచ్చే నీళ్ళు. ఇక్కడ వాన ముందు 4, చివరికి మళ్ళీ 4, కాబట్టి అడ్డంగా ఒక గీత గీసేసి అన్నిట్లోంచీ 4 తీసేస్తే సరి. నిజం వరదల్లో ఇంత సుఖంగా ఉండదు, వాన నీళ్ళు ఎక్కడ అయిపోయి ఊట నీళ్ళు మాత్రమే మిగిలాయో పట్టుకోవాలి. దానికి పుస్తకాల్లో ఒక సూత్రం కనిపిస్తుంది, పీక్ తర్వాత ఎన్ని రోజులకి అంటే 0.83 ని విస్తీర్ణం 0.2 ఘాతంతో గుణించాలి అని. మన 54 కి అది దాదాపు 44 గంటలు చెప్తుంది, కానీ మన గీత పీక్ తర్వాత 12 గంటలకే నేలకి దిగిపోయింది! చిన్న ప్రాంతాలకి ఆ సూత్రాన్ని నమ్మడం కన్నా దిగే భాగాన్ని సెమీలాగ్ కాగితం (నిలువు అక్షం లాగరిథమ్ కొలతలో ఉండేది) మీద గీసి ఎక్కడి నుంచి సరళరేఖ అవుతుందో చూడటం మేలు.

4 తీసేశాక మిగిలింది డైరెక్ట్ రన్ఆఫ్, అంటే ఆ వానకి పారిన నీళ్ళు: 0, 22.5, 60, 47.5, 30, 17.5, 7.5, 2.5, 0. ఇవన్నీ కూడితే 187.5. ఒక్కో విలువా 2 గంటలకి, అంటే 7200 సెకన్లకి ప్రాతినిధ్యం కాబట్టి 187.5 ని 7200 తో గుణిస్తే 13,50,000 ఘనపు మీటర్లు. దాన్ని 54 చదరపు కిలోమీటర్లు, అంటే 5,40,00,000 చదరపు మీటర్లతో భాగిస్తే 0.025 మీటర్లు, 2.5 సెంటీమీటర్లు. పడింది 3.7, పారింది 2.5, మిగతా 1.2 సెంటీమీటర్లు నేల తాగేసింది, 2 గంటల్లో కాబట్టి గంటకి 0.6 సెంటీమీటర్లు. దీన్నే ఫై ఇండెక్స్ అంటాం. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూసుకోండి, పారిన నీళ్ళు పడిన వానకన్నా ఎక్కువ వచ్చాయంటే గేజ్ రేటింగ్ (నీటి మట్టం నుంచి ప్రవాహం చెప్పే పట్టిక) తప్పో, వాన కొలత తప్పో, విస్తీర్ణం తప్పో ఏదో ఒకటి ఉంది, ముందుకి పోకండి.

ఇప్పుడు ప్రతి విలువనీ 2.5 తో భాగిస్తే మన 2 గంటల యూనిట్ హైడ్రోగ్రాఫ్ వచ్చేసింది:

0, 9, 24, 19, 12, 7, 3, 1, 0

పీక్ 24 క్యూమెక్కులు, వాన మొదలైన 4 గంటలకి. మొత్తం కూడితే 75, గుణించు 7200, భాగించు విస్తీర్ణం, సరిగ్గా 1 సెంటీమీటరు రావాలి, వస్తుంది. ఈ చెక్ మాత్రం ఎప్పుడూ వదలొద్దు, ఎవరి దగ్గర నుంచి యూనిట్ హైడ్రోగ్రాఫ్ తీసుకున్నా మొదట ఇదే చేయండి, ఒక్క నిమిషం పని.

ఒక్క వరదతో తీసినదాన్ని గుడ్డిగా నమ్మకూడదు, నాలుగైదు వరదలతో తీసి సగటు చేయాలి, కానీ సగటు ఎలా అన్నదే అసలు మెలిక. ఒక గంటకి ఎదురుగా ఉన్న విలువలన్నీ కూడి భాగిస్తే, ఒక దాంట్లో పీక్ 4 గంటలకీ ఇంకో దాంట్లో 6 గంటలకీ ఉంటుంది కాబట్టి సగటు గీత చప్పిడి అయిపోయి పీక్ తగ్గిపోతుంది, అసలు ఏ వరదలోనూ లేనంత తక్కువగా. అందుకని పీక్ విలువల సగటు విడిగా, పీక్ వచ్చిన సమయాల సగటు విడిగా తీసి, ఆ బిందువు గుండా మిగతావాటి ఆకారాన్ని చూస్తూ చేత్తో గీత గీసి, కింద 1 సెంటీమీటరు వచ్చేదాకా తోకని సవరించుకోవాలి.

ఇంకో సంగతి, ఇక్కడ 2 గంటల బ్లాకు తీసుకోవడం కొంచెం మందమే. వాన మధ్య బిందువు నుంచి పీక్ దాకా ఉన్న ల్యాగ్‌లో మూడో వంతుకి మించకుండా వ్యవధి ఉంచడం మంచి పద్ధతి, మన ల్యాగ్ 3 గంటలు కాబట్టి 1 గంట బ్లాకు వాడాలి. పట్టిక చిన్నగా ఉండాలని 2 పెట్టాను, మీరు అసలు పనిలో ఇలా చేయకండి, రెండు బిందువుల మధ్యలో అసలు పీక్ దాక్కుని ఉండొచ్చు.

సరే, ఇప్పుడు డిజైన్ వాన, అంటే కట్టడం తట్టుకోవాలని మనం అనుకునే వాన. 6 గంటల వాన, 2 గంటల చొప్పున మూడు బ్లాకులు: 2.6, 5.6, 3.6 సెంటీమీటర్లు. డిజైన్‌కి నేల ముందే తడిసి ఉందని అనుకుని గంటకి 0.3 మాత్రమే ఇంకుతుందని తీసుకుందాం, ఒక్కో బ్లాకులో 0.6 పోతే మిగిలేది 2, 5, 3. ఒక్కొక్క బ్లాకుకీ ఒక యూనిట్ హైడ్రోగ్రాఫ్ వేసుకుని, ఒక్కొక్కటీ 2 గంటలు వెనక్కి జరిపి, నిలువుగా కూడటమే, ఇంతకు మించి ఏమీ లేదు. కన్వల్యూషన్ అని పేరు పెట్టేసరికి భయపడతారు గానీ స్ప్రెడ్‌షీట్‌లో మూడు కాలమ్‌ల పని:

2 గంటలు: 18
4 గంటలు: 48 + 45 = 93
6 గంటలు: 38 + 120 + 27 = 185
8 గంటలు: 24 + 95 + 72 = 191
10 గంటలు: 14 + 60 + 57 = 131
12 గంటలు: 6 + 35 + 36 = 77
14 గంటలు: 2 + 15 + 21 = 38
16 గంటలు: 5 + 9 = 14
18 గంటలు: 3

మొత్తం 750, అంటే 75 కి పదింతలు, 10 సెంటీమీటర్ల నీళ్ళు లోపలికి వెళ్ళాయి 10 సెంటీమీటర్లే బయటికి వచ్చాయి. పీక్ 191, దానికి బేస్ ఫ్లో ఒక 5 కలిపితే 196 క్యూమెక్కులు. బేస్ ఫ్లో కలపడం చాలామంది మర్చిపోతారు, చిన్న వాగులో పెద్ద తేడా రాదులే గానీ పెద్ద నదికి వస్తుంది.

ఇక్కడే నేను ఒకసారి బోల్తా పడ్డాను. మొత్తం పారేది 10 సెంటీమీటర్లు కదా, యూనిట్ పీక్ 24 కదా, 10 ఇంటూ 24 ఈజీక్వల్టు 240 అని రాసేసి రిపోర్టు పంపేశాను, చెక్ చేసినాయన ఎర్ర పెన్నుతో ఒక్క ప్రశ్న రాశాడు, ఈ వాన ఎన్ని గంటల్లో పడింది అని. అంతే, మొహం చెల్లలేదు. 6 గంటల్లో పడిన వానని 2 గంటల్లో కుమ్మరించినట్టు లెక్కేస్తే పీక్ నాలుగో వంతు పెరిగిపోతుంది. రివర్స్‌లో కూడా ఇదే జరుగుతుంది, 6 గంటల యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ని 2 గంటల కుండపోతకి వాడితే పీక్ పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం.

వ్యవధి మార్చాలంటే రెండు దారులున్నాయి. 2 నుంచి 6 కి, అంటే పూర్తి గుణిజానికి అయితే తేలిక, 2 గంటలదాన్ని మూడుసార్లు 2 గంటల చొప్పున జరిపి కూడి 3 తో భాగించాలి, మనదానికి 8 గంటల దగ్గర 24 + 19 + 12 = 55, భాగించు 3, పీక్ 18.3 అవుతుంది. 24 నుంచి 18.3 కి దిగింది చూడండి, అదే వాగు, అదే 1 సెంటీమీటరు. 3 గంటలకో 1 గంటకో మార్చాలంటే ఎస్ కర్వ్ కావాలి: యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ని 2 గంటల చొప్పున ఆగకుండా జరుపుతూ కూడుతూ పోతే గీత పైకి లేచి ఒక చోట చదునవుతుంది, మనకి అది 75 క్యూమెక్కుల దగ్గర. విస్తీర్ణాన్ని 2.78 తో గుణించి గంటలతో భాగిస్తే అదే రావాలి, వస్తుంది. తర్వాత ఆ కర్వ్‌ని కావలసినన్ని గంటలు పక్కకి జరిపి, రెండిటి తేడా తీసి, 2 ని కొత్త గంటలతో భాగించగా వచ్చినదాంతో గుణిస్తే అయిపోయింది. చిన్న వ్యవధికి మార్చేటప్పుడు మాత్రం ఎస్ కర్వ్ పైభాగం పాములా ఊగుతుంది, దాన్ని చేత్తో నున్నగా చేయకుండా తేడాలు తీస్తే మైనస్ ప్రవాహాలు వస్తాయి.

వాన బ్లాకుల వరుస గురించి. 2, 5, 3 అని వేశాం కదా, అదే నీళ్ళు 5, 3, 2 అని పడితే పీక్ 185. 2, 3, 5 అయితే 201. వాన అదే, నేల అదే, వరుస మారిందంతే. డిజైన్‌కి అన్నిటికన్నా చెడ్డ వరుస కావాలంటే యూనిట్ హైడ్రోగ్రాఫ్‌లో అతి పెద్ద విలువకి ఎదురుగా అతి పెద్ద వాన, దాని తర్వాత పెద్దదానికి తర్వాత పెద్ద వాన ఇలా పెట్టి (24 కి 5, 19 కి 3, 12 కి 2), మొత్తం వరుసని తిరగేయాలి. తిరగేయడం మర్చిపోతే మనకి 201 కి బదులు ఆ 185 వస్తుంది.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం, ఇంకిపోయే నీళ్ళు. గంటకి 0.3 అని నేను చాలా ధీమాగా రాసేశాను కదా. అదే వాన, మొత్తం 118 మిల్లీమీటర్లు, కర్వ్ నంబర్ పద్ధతిలో (నేలని బట్టి 100 లోపు ఒక నంబర్ ఇస్తారు, అది ఎంత పెద్దదైతే అంత ఎక్కువ నీళ్ళు పారతాయి) నంబర్ 80 పెట్టి చేసి చూద్దాం. నేల పట్టుకోగలిగింది 25400 ని 80 తో భాగించి 254 తీసేస్తే 63.5 మిల్లీమీటర్లు. అందులో ఐదో వంతు, 12.7, వాన మొదట్లోనే పోతుంది. పారేది ఎంతంటే, వానలోంచి 12.7 తీసేసి వర్గం చేసి, వానకి 50.8 కలిపి వచ్చినదాంతో భాగించాలి. 26 మిల్లీమీటర్ల దగ్గర 2.3, 82 దగ్గర 36.2, 118 దగ్గర 65.7. అంటే బ్లాకుల వారీగా 0.23, 3.39, 2.95 సెంటీమీటర్లు. అదే యూనిట్ హైడ్రోగ్రాఫ్‌లో వేస్తే 8 గంటల దగ్గర పీక్ 138. అక్కడ 191, ఇక్కడ 138! యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ని దశాంశాల దాకా నున్నగా చెక్కుకుంటూ కూర్చుని నేల సంగతి ఒక్క నిమిషంలో తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు అందుకే నవ్వొస్తుంది. నేల రకం, పంట, కట్టడాలు, ముందు రోజుల వాన ఇవన్నీ చూసి నంబర్ పెట్టాలి, రెండు మూడు నంబర్లతో చేసి పీక్ ఎంత ఊగుతోందో రిపోర్టులో చూపించాలి.

మరి గేజే లేకపోతే? చాలా వాగులకి ఉండదు కూడా. అప్పుడు సింథటిక్ యూనిట్ హైడ్రోగ్రాఫ్, అంటే వరద రికార్డు లేకుండా వాగు కొలతల నుంచి సూత్రాలతో కట్టేది. అందులో తేలికైంది ఎస్సీఎస్ (అమెరికా సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్) త్రిభుజం. ముందు టైమ్ ఆఫ్ కాన్సంట్రేషన్ కావాలి, అంటే అతి దూరపు మూలలో పడిన చుక్క గేజ్ దాకా రావడానికి పట్టే సమయం. కిర్పిచ్ 1940లో ఇచ్చిన సూత్రంలో, నిమిషాల్లో కావాలంటే, 0.01947 ని వాగు పొడవు మీటర్లలో 0.77 ఘాతంతో గుణించి, వాలు 0.385 ఘాతంతో భాగించాలి. పొడవు 18 కిలోమీటర్లు, వాలు 0.002 అనుకుంటే 403 నిమిషాలు, 6.71 గంటలు. వ్యవధి దీంట్లో 0.133 వంతు, సుమారు 1 గంట. పీక్ సమయం అంటే వ్యవధిలో సగం ప్లస్ 0.6 ఇంటూ 6.71, మొత్తం 4.53 గంటలు. పీక్ ప్రవాహం 0.208 ఇంటూ విస్తీర్ణం ఇంటూ 10 మిల్లీమీటర్లు భాగించు 4.53, అంటే 24.8 క్యూమెక్కులు. త్రిభుజం అడుగు వెడల్పు, అంటే ప్రవాహం మొత్తం సాగే సమయం, 2.67 ఇంటూ 4.53, 12.1 గంటలు. త్రిభుజం వైశాల్యం కట్టి చూడండి, మళ్ళీ అదే 1 సెంటీమీటరు.

గేజ్‌తో వచ్చిన 24 కి ఇది ఎంత దగ్గరగా ఉందో అని సంబరపడకండి, ఇది 1 గంటది, అది 2 గంటలది, నేరుగా పోల్చకూడదు. 2 గంటలు పెట్టి త్రిభుజం చేస్తే 22.3 వస్తుంది. పైగా నంబర్లు నేను కూర్చినవి, నిజంలో ఇంత దగ్గరగా వస్తే అదృష్టమే. కిర్పిచ్ సూత్రం పుట్టింది చాలా చిన్న, వాలు ఎక్కువున్న పొలాల కొలతల నుంచి, 54 చదరపు కిలోమీటర్లకి దాన్ని సాగదీస్తున్నాం అన్న స్పృహ ఉండాలి. 0.208 అనే గుణకం కూడా రాయి మీద గీత కాదు, నిటారు కొండ ప్రాంతాలకి పెరుగుతుంది, చదునుగా నీళ్ళు నిలిచే నేలలకి బాగా తగ్గుతుంది. పక్కన ఇలాంటి స్వభావమే ఉన్న గేజ్ ఉన్న వాగు దొరికితే 1938లో స్నైడర్ ఇచ్చిన పద్ధతి మేలు, దాని గుణకాలు రెండూ ఆ పక్క వాగు రికార్డులోంచి తీసి మన వాగుకి వాడుకోవచ్చు. స్నైడర్ అపలాచియన్ కొండల్లో తీసిన గుణకాలనే ప్రపంచమంతా కాపీ కొట్టేవాళ్ళున్నారు, అది మాత్రం చేయకండి.

ఈ పద్ధతి ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. 5000 చదరపు కిలోమీటర్లు దాటితే అంతటా ఒకేలా వాన అన్న ఊహ నిలబడదు, ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ విడిగా లెక్కేసి వాగులో రూటింగ్ (ప్రవాహం కిందికి వస్తూ ఎలా మారుతుందో కట్టడం) చేసుకుంటూ రావాలి. దారిలో పెద్ద చెరువులో రిజర్వాయర్లో నీళ్ళు పట్టేసుకుంటుంటే మూడింతల వానకి మూడింతల ప్రవాహం అన్న లెక్క తప్పుతుంది. మంచు కరిగి వచ్చే వరదకీ ఇది పనికిరాదు. ఇంకా ముఖ్యమైంది, మనం 2.5 సెంటీమీటర్ల వరదతో గీత తీసి 10 సెంటీమీటర్ల వరదకి వాడాం. పెద్ద వరదలో నీళ్ళు లోతుగా, వేగంగా పోతాయి, పీక్ ముందుగా వస్తుంది, ఎత్తుగా వస్తుంది. అందుకే పెద్ద డ్యాముల డిజైన్‌లో యూనిట్ హైడ్రోగ్రాఫ్ పీక్‌ని 25 నుంచి 50 శాతం పెంచి వాడే అలవాటు ఉంది. పెంచినప్పుడు తోక సన్నం చేసి మొత్తం మళ్ళీ 1 సెంటీమీటరుకి తేవాలి, ఉత్త పీక్ మాత్రమే పెంచేసి వదిలేస్తే లేని నీళ్ళు పుట్టించినట్టు.

చివరికి వచ్చిన 196 ని 196.0 అని రాయకండి, సుమారు 200 అని రాసి, పక్కనే వాన ఎంత, ఎన్ని గంటలది, ఏ వరుస, నేల ఎంత తాగిందని తీసుకున్నారు, ఏ వరదతో గీత తీశారు అని ఒక లైను పెట్టండి. ఆ తర్వాత వీలైతే వాగు దగ్గరికి వెళ్ళి పాత వంతెన స్తంభాల మీద, చెట్ల మొదళ్ళ మీద వరద మరకలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి, అక్కడి అడ్డకోత, వాలు తీసుకుని మ్యానింగ్ సూత్రంతో (అడ్డకోత, వాలు, వాగు గరుకుతనం నుంచి ప్రవాహం చెప్పేది) ప్రవాహం కట్టి చూడండి. మరక 350 చెప్తుంటే మీ కాగితం 200 చెప్తుంటే, ముందు అనుమానించాల్సింది కాగితాన్నే.